ధ్వనితో చూచిన మెదడు

గర్భములో శిశువునకు మొట్టమొదట ఏ అంగము ఏర్పడును? ఈ ప్రశ్నపై మన ప్రాచీన వైద్యులకే ఏకాభిప్రాయము లేకుండెను. శిరస్సు ముందని శౌనకుడు, హృదయమని కృతవీర్యుడు, నాభియని పారాశర్యుడు, కాలుసేతులని మార్కండేయుడు వాదించినట్లు సుశ్రుత సంహితలోని శారీరస్థానము చెప్పుచున్నది. చివరకు ధన్వంతరి తీర్పు చెప్పెను: అన్ని అంగములును ఒకేసారి ఏర్పడును గాని మిక్కిలి సూక్ష్మములగుటచే మనకు కానరావు. అందులకు చూపిన ఉదాహరణములలో ఒకటి మామిడికాయ. పండిన పండులో టెంక, పీచు, గుజ్జు వేరువేరుగా కనబడును. పిందెలో అవన్నియు ఉన్నను వేరుపరచి చూడజాలము. నూజివీడు తోటల చుట్టుప్రక్కల పుట్టి పెరిగిన వారికి ఈ ఉపమానమును విప్పి చెప్పనక్కరలేదు.

అయితే పిందెను కోయకుండ లోపలి టెంకను చూచుట ఎట్లు? ఇరువదవ శతాబ్ది సగము గడచువరకు దీనికి సరియైన జవాబు లేదు. మంత్రసాని చేతివ్రేళ్లు, వైద్యుడు పొట్టపై ఆనించి వినెడి గొట్టము, ప్రసూతి వైద్యమునకు ఇవియే ఆధారములు. 1895 లో కనుగొనబడిన ఎక్సురే కిరణములు ఎముకలను చూపగలవు గాని మెదడువంటి మెత్తని పదార్థము వానికి చిక్కదు. పైగా గర్భస్థ శిశువునకు అవి క్షేమకరములు కావు. జవాబు చివరకు వెలుతురునుండి గాక ధ్వనినుండి వచ్చెను. ధ్వనిని నమ్ముకొని బ్రతుకు మాబోటి ఆకాశవాణి ఉద్యోగులకు ఇది కొంత సంతోషము కలిగించు విషయమని దాచుకొననేల?

మానవుని చెవి సెకనుకు సుమారు 20,000 కంపనములకు మించిన ధ్వనిని వినజాలదు. ఆ హద్దుకు పైనున్నవి అతిధ్వనులు. ప్రజలు స్కానింగు అని పిలుచు గర్భపరీక్షలో సామాన్యముగ 30 లక్షలనుండి 50 లక్షల కంపనముల ధ్వనిని వాడుదురు. విజయవాడ కేంద్రపు మధ్యతరంగ ప్రసారమునకు ఏర్పడిన 837 కిలోహెర్ట్జులను సెకనుకు 8,37,000 కంపనములుగా లెక్కించినచో, ఇది దానికి మూడున్నర మొదలు ఆరు రెట్లు. పోలిక అంకెలవరకే సుమా! రేడియో తరంగము విద్యుదయస్కాంత తరంగము. శూన్యములో కూడ పోగలదు. ధ్వనికి మాత్రము నడచుటకు పదార్థము కావలెను. శరీరములోని మెత్తని భాగములలో అది సెకనుకు సుమారు 1,540 మీటర్ల వేగమున పోవుచు, ఒక పదార్థము ముగిసి వేరొకటి మొదలగు ప్రతిచోటను కొంత వెనుకకు మరలును. ఆ ప్రతిధ్వని తిరిగివచ్చుటకు పట్టిన కాలమునుబట్టి దూరమును గుణించి చుక్కలుగా తెరపై పరచుటయే స్కానింగు.

ఈ అతిధ్వనుల చరిత్రలో మన ప్రాంతపు పేరొకటి తగులును. సూరి భగవంతముగారు 1909 లో నాటి కృష్ణాజిల్లాలోని ఆగిరిపల్లిలో జన్మించిరి. 2022 లో జిల్లాలను పునర్విభజించిన పిదప ఆ ఊరు ఏలూరు జిల్లాలో చేరినది. కలకత్తాలో రామన్‌గారి కడ పరిశోధన చేసి, తరువాత వాల్తేరులో ఆంధ్ర విశ్వకళాపరిషత్తున భౌతికశాస్త్రాచార్యులైరి. అతిధ్వని ప్రసరించుచున్న ద్రవముగుండ వెలుతురు పోవునపుడు అది చీలి వేరువేరు దిశలకు మరలుటకు కారణమును రామన్, నాగేంద్రనాథ్ పండితులు 1935, 1936 సంవత్సరములలో సిద్ధాంతీకరించిరి. వాల్తేరులో భగవంతముగారును వారి శిష్యులును అతిధ్వనులతో స్ఫటికముల స్థితిస్థాపక గుణములను కొలిచిరి. మిక్కిలి హెచ్చు కంపనసంఖ్యగల అతిధ్వనులపై భగవంతము, రామచంద్రరావుగార్ల లేఖ 1948 లో ‘నేచర్’ పత్రికలో ప్రకటితమైనది. మా విజయవాడ రేడియో కేంద్రము ప్రారంభమైనదియు ఆ సంవత్సరముననే.

వైద్యులు వాడు స్కానింగు యంత్రమును వాల్తేరువారు కనిపెట్టిరని చెప్పినచో అది అసత్యమగును. వారు చూచినది స్ఫటికములను, ద్రవములను, గర్భవతులను కాదు. కాని పగులగొట్టకుండ ఘనపదార్థపు లోగుట్టును ధ్వనిచే రాబట్టవచ్చునను విద్య తెలుగుదేశమున అప్పటికే వేళ్లూనియుండెనని తెలియుటకు ఇది చాలును.

ఆ విద్య వైద్యుల చేతికి వచ్చినది ఐరోపాలో. కొన్ని స్ఫటికములను నొక్కినచో విద్యుత్తు పుట్టునని 1880 లో క్యూరీ సోదరులు ఫ్రాన్సులో కనుగొనిరి. విద్యుత్తు నిచ్చినచో అవి కంపించుననియు వెంటనే తేలినది. 1912 లో టైటానిక్ ఓడ మంచుకొండకు కొట్టుకొని మునిగిన పిమ్మట, మొదటి ప్రపంచయుద్ధమున జలాంతర్గాముల బెడద హెచ్చినపుడు, లాంజెవిన్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఈ స్ఫటికములతో నీటిక్రింద ప్రతిధ్వనులను పట్టుట సాధించెను. పిదప అదే ఉపాయము కర్మాగారములలో ఇనుప రేకుల లోపలి పగుళ్లను వెదకుటకు ఉపయోగపడెను.

వైద్యమున రోగనిర్ణయమునకు అతిధ్వనిని వాడిన తొలి ప్రయత్నము మెదడుపైననే జరిగినది. ఆస్ట్రియాలో కార్ల్ డుసిక్ అను నాడీవైద్యుడు రోగి తలకు ఒకవైపునుండి అతిధ్వనిని పంపి, రెండవవైపున దానిని అందుకొని, ఎక్కడ ఎక్కువ వచ్చినది, ఎక్కడ తక్కువ వచ్చినదియు కాగితముపై తెలుపు నలుపులుగా చిత్రించి 1942 లో ప్రకటించెను. ఆ చిత్రములలో మెదడు నడుమనున్న ద్రవకోశములు కనబడుచున్నవని ఆయన నమ్మెను. పది సంవత్సరములపాటు ఇతరులును నమ్మిరి. 1952 లో జర్మను పరిశోధకులు పరీక్షించి చూడగా అవి మెదడు చిత్రములు కావనియు, కపాలపు ఎముక మందములోని హెచ్చుతగ్గులు పడవేసిన నీడలనియు బయటపడెను. డుసిక్ మోసగాడు కాడు. యంత్రమును అబద్ధమాడలేదు. అది చూపినది ఎముకను. చదివినవాడు దానిని మెదడని చదివెను. ఈ పొరపాటును మేము కొంత విస్తరించి చెప్పుటకు కారణము, ఇది 1952 తో ముగిసిపోలేదు. వేరొక రూపమున మన ఊళ్లలోనే మరల కనబడును.

స్వీడనులో లెక్సెల్ అను శస్త్రవైద్యుడు 1950 దశాబ్దమున మరియొక మార్గము త్రొక్కెను. మెదడు మొత్తమును చిత్రించుటకు ఆశపడక, రెండు అర్ధగోళముల నడుమనుండి వచ్చు ఒక్క ప్రతిధ్వనిని మాత్రము పట్టెను. తలకు దెబ్బ తగిలి లోపల రక్తము గడ్డకట్టినచో ఆ నడిమిగీత ప్రక్కకు జరుగును. అంతే, అంతకు మించి ఆయన చెప్పలేదు. ఆ మితత్వమే ఆ పద్ధతిని నిలబెట్టెను.

గ్లాస్గో నగరమున ప్రసూతి వైద్యాచార్యుడుగానుండిన ఇయాన్ డోనాల్డ్ యుద్ధకాలమున వైమానిక దళమున పనిచేసినవాడు. 1955 లో ఆయన తాను కోసి తీసిన కణితులను వెంటబెట్టుకొని సమీపముననున్న బాయిలర్ల కర్మాగారమునకు పోయి, లోహపు పగుళ్లను వెదకు యంత్రముతో వానిని పరీక్షించెను. నీటితిత్తికిని గట్టి కణితికిని ప్రతిధ్వనులు వేరుగా వచ్చెను. టామ్ బ్రౌన్ అను యువక ఇంజనీరు ఆయనకు తోడై యంత్రమును రోగులకు అనువుగా మలచెను. కడుపులో నయముకాని క్యాన్సరున్నదని ఇతర వైద్యులు ఆశవదలుకొన్న ఒక స్త్రీని ఈ యంత్రముతో చూడగా అది పెద్ద నీటితిత్తియని తేలెను; తీసివేయగా ఆమె బ్రతికెను. డోనాల్డ్, మాక్‌వికార్, బ్రౌన్ ముగ్గురును వ్రాసిన వ్యాసము 1958 జూన్ 7 వ తేదీ ‘లాన్సెట్’ పత్రికలో వెలువడినది. స్కానింగునకు వచ్చు స్త్రీలను నీరు బాగుగ త్రాగి రమ్మనుట కూడ డోనాల్డ్ నాటినుండి వచ్చిన ఆచారమే. నిండిన మూత్రాశయము ధ్వనికి కిటికీవంటిది.

గర్భములో అన్నిటికంటె స్పష్టముగ ప్రతిధ్వని నిచ్చునది శిశువు తల. కనుక మొదట తలను కొలుచుట నేర్చిరి. 1968 లో స్టూవర్ట్ కాంబెల్, లెక్సెల్ చెప్పిన ఆ నడిమిగీతనే గుర్తుగా పెట్టుకొని తల వెడల్పును సరిగా కొలుచు పద్ధతిని చూపెను. దానివలన గర్భపు వయస్సు, ఎదుగుదల తెలియవచ్చెను. 1972 లో అదే కాంబెల్ బృందము 17 వ వారమున ఒక శిశువునకు కపాలపు పైభాగము, దానితో మెదడు ఏర్పడకపోవుటను కనుగొనిరి. అనెన్‌కెఫలీ అను ఆ స్థితిలో పుట్టిన శిశువు బ్రతుకదు. గర్భస్థ శిశువు మెదడును గూర్చి ధ్వని ఇచ్చిన తొలి గట్టి తీర్పులలో ఇది ఒకటి.

పెద్దవారి కపాలము డుసిక్‌ను మోసగించినది గదా, గర్భశిశువు కపాలము ఏల అడ్డురాదు? అది ఇంకను పలుచన. ఎముకల నడుమ అతుకులు కలియలేదు. నడినెత్తిన మాడు పూడలేదు. మన ముసలమ్మలు పసిపిల్లల మాడుపై చమురు అద్దుచు దాని క్రింద నాడి కొట్టుకొనుటను చూచియే యుందురు. ఆ మెత్తని తావులగుండ ధ్వని లోనికి పోగలదు. నెలలు నిండుకొలది ఎముక గట్టిపడి, యంత్రమునకు దగ్గరగానున్న అర్ధగోళము మసకబారును. అట్టి సమయమున శిశువు తలక్రిందుగానున్నచో యోనిమార్గమునుండి మాడుద్వారా చూచు పద్ధతిని న్యూయార్కులో తిమోర్-ట్రిట్ష్, మాంటెగూడో వైద్యులు ప్రచారమునకు తెచ్చిరి.

ఇక 20 వ వారమున తెరపై వైద్యుడు వెదకునది ఏమి? మెదడు లోపల నీటిగదులు కలవు. వాని వెనుకభాగపు వెడల్పు 10 మిల్లీమీటర్లకు తక్కువగా నుండవలెను. అనగా చిటికెనవ్రేలి గోరు వెడల్పంత. వెనుకనున్న చిన్నమెదడు అడ్డుకొలత ఆ నెలలలో మిల్లీమీటర్లలో ఎంతయో గర్భపు వారములును సుమారు అంతే. 20 వారములకు 20 మిల్లీమీటర్లు. ప్రకృతి వైద్యుల సౌకర్యముకొరకు ఇట్లు చేసినదా అనిపించును.

నీటిగదుల సంగతి డెల్టావాసులకు చెప్పుట సులభము. మెదడులో ద్రవము నిరంతరము ఊరుచు, సన్నని కాలువలగుండ పారి బయటి పొరలలో ఇంకును. నడుమ దారి మూసుకొనినచో, లాకు దించిన కాలువ ఎగువన పోటెత్తినట్లు గదులు ఉబ్బును. కాని కాలువ వెడల్పగుటకు లాకు ఒక్కటియే కారణము కాదు. గట్టు కోసుకొనిపోయినను వెడల్పగును. అట్లే మెదడు పదార్థము తగ్గినందువలనను గదులు పెద్దవిగ కనబడవచ్చును. మరికొన్నిట ఏ కారణమును లేకయే ఒకటి రెండు మిల్లీమీటర్లు హెచ్చుగా నుండవచ్చును. వేరే లోపమేదియు లేక, వెడల్పు 10 నుండి 12 మిల్లీమీటర్లలోపుగ నున్న శిశువులలో నూటికి తొంబదిమందికి పైగా సామాన్యముగనే ఎదుగుదురని నేటి వైద్యశాస్త్రము చెప్పుచున్నది.

ఇప్పుడు డుసిక్ పొరపాటునకు మరల వత్తము. అవనిగడ్డనుండియో, కైకలూరునుండియో తెల్లవారుఝామున బస్సెక్కిన దంపతులు సూర్యారావుపేటలోని స్కానింగు గది ముందు మధ్యాహ్నమువరకు కూర్చుందురు. చేతికి వచ్చిన కాగితములో 11 మిల్లీమీటర్లని ఉండును. పరీక్ష చేసిన వైద్యుడు “మూడు నాలుగు వారములకు మరల చూతము” అనును. సాయంత్రమునకు ఆ మాట ఊరికి చేరునప్పటికి “బిడ్డ మెదడులో నీరు చేరినదట” అని మారును. కొలత తప్పు కాదు, చదువుట తప్పు. కాగితముపైనున్నది ప్రశ్న, ఇంటికి చేరినది తీర్పు. ఆ నడిమి మూడు వారములు ఆ తల్లి ఎట్లు నిద్రపోవునో ఏ గ్రంథమును వ్రాయలేదు.

వైద్యులకు చదువుట వచ్చినకొలది గుర్తులు పెరిగినవి. 1986 లో లండనున నికొలాయిడిస్, కాంబెల్ ప్రభృతులు వెన్నెముక చీలిన శిశువులకు తలలోనే రెండు గుర్తులుండునని ప్రకటించిరి. నుదుటి ఎముకలు లోనికి నొక్కుకొని తల నిమ్మకాయ ఆకారము దాల్చును. చిన్నమెదడు క్రిందికి లాగబడి అరటిపండువలె వంగును. మన సంతలోని గుండ్రని నిమ్మకాయను తలచుకొన్నవారికి ఇది బోధపడదు. వారు చెప్పినది కొనలు పొడుచుకొని వచ్చిన సీమనిమ్మ. అరటిపండు విషయమున మాత్రము ఏ దేశమున చిక్కులేదు.

కాని 20 వ వారమున మెదడు ఇంకను నున్నగ నుండును. మడతలు, గాడులు ఆ పిమ్మట నెలలలో దిగును. రెండు అర్ధగోళములను కలుపు వంతెన అప్పుడప్పుడే పూర్తియగును. నాడీకణముల వలస సరిగా సాగినదో లేదో ఆనాడు చూచి చెప్పుట సాధ్యము కాదు. మామిడి పిందెను గూర్చి ధన్వంతరి చెప్పినది ఇదియే. 2017 లో బ్రిటనునుండి వెలువడిన ఒక పెద్ద పరిశీలనలో, మెదడులోపము అనుమానింపబడిన 570 గర్భములలో అల్ట్రాసౌండు నిర్ణయము నూటికి 68 పట్ల సరిగా నుండగా, ఎమ్మారై జోడించిన పిదప అది 93 కు పెరిగెను. అనగా మంచి చేతులలోనున్నను మూడింట దాదాపు ఒకటి దిద్దుకొనవలసివచ్చెను.

ఈ కాలవ్యవధి చట్టముతో కూడ తగవులాడెను. మనదేశమున 1971 నాటి గర్భవిచ్ఛేద చట్టము 20 వారములను హద్దుగ పెట్టినది. మెదడు తన లోపములను చూపుట మొదలిడునది సరిగ అప్పుడే. అందుచే కొందరు తల్లులు న్యాయస్థానముల మెట్లెక్కవలసి వచ్చెను. 2017 జనవరిలో సుప్రీంకోర్టు అనెన్‌కెఫలీ గల శిశువును మోయుచున్న ఒక స్త్రీకి 24 వ వారమున అనుమతి నిచ్చినది. 2021 నాటి సవరణచే కొన్ని వర్గముల స్త్రీలకు హద్దు 24 వారములైనది. శిశువునకు తీవ్రమైన లోపమున్నచో ఆ హద్దు దాటినను వైద్యమండలి నిర్ణయింపవచ్చును.

స్కానింగు గదుల గోడలపై “ఇచ్చట లింగ నిర్ధారణ పరీక్షలు చేయబడవు” అను బోర్డును చూడనివారుండరు. అదియు ఈ చరిత్రలోని అధ్యాయమే. తలను చూచు యంత్రము నాలుగంగుళములు క్రిందికి జరిపినచో ఆడపిల్లయో మగపిల్లవాడో చెప్పును. దేశమున ఆరేండ్లలోపు మగపిల్లలు వేయిమందికి ఆడపిల్లలు 1991 లో 945 మందికాగా 2001 లో 927 మందియైరి. దీనిని నిషేధించు చట్టము 1994 లో చేయబడి, 1996 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చి, 2003 లో బిగింపబడెను. మెదడులోపమును వెదకుటకు స్కానింగును చట్టము అనుమతించుచున్నది. కాని ప్రతి పరీక్షకు లిఖితపూర్వకమైన లెక్క అడుగుచున్నది. ఈ లెక్కలు విసుగని వైద్యులు కొందరనగా మేము వింటిమి. పుట్టని ఆడపిల్లల సంఖ్య ముందు ఆ విసుగు పెద్దది కాదని మా అభిప్రాయము.

మరియొక తెలుగువారిని తలపకుండ ఈ ప్రసంగమును ముగింపలేము. మెదడుకును వెన్నుపామునకును మూలమైన నాళము గర్భము నిలిచిన 28 దినములలోపుననే మూసుకొనును. అప్పటికి చాలమంది స్త్రీలకు తాము గర్భవతులమని కూడ తెలియదు. అది మూసుకొనకపోయిన ఫలితమునే స్కానింగు నెలల తరువాత చూచును. చూచుటయే గాని కుట్టజాలదు. ఆ నాళము సరిగా మూసుకొనుటకు తోడ్పడునది ఫోలిక్ ఆమ్లము. దానిని 1940 దశాబ్దపు నడుమ అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో కృత్రిమముగ తయారుచేసిన బృందమునకు నాయకుడు, 1895 లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. వారు 1948 లో కీర్తిశేషులైరి. ఈ ఉపయోగము వారి జీవితకాలమున తెలియదు. అంతకుముందు ఇట్టి లోపముగల బిడ్డను కన్న స్త్రీలకు గర్భమునకు ముందునుండియే ఆ మాత్ర లిచ్చినచో నూటికి 72 వంతులు రక్షణ కలిగినదని ఏడు దేశములలో జరిగిన పరీక్ష 1991 లో తేల్చినది. నెల తప్పిన తరువాత కాదు, ముందే మొదలిడవలెను. ఈ ఒక్క ముక్క ఇంటింట ఇంకను అందలేదు.

2023 లో ఆక్స్‌ఫర్డు పరిశోధకులు, నాగపురముతో సహా ఎనిమిది దేశముల పట్టణములలో ఆరోగ్యవతులైన తల్లులనుండి సేకరించిన అతిధ్వని చిత్రములతో 14 నుండి 31 వారములవరకు మెదడు ఎదుగు తీరును పటముగ కూర్చిరి. కుడి ఎడమల తేడా 14 వ వారమునకే మొదలగునట. భాషకు సంబంధించిన ప్రాంతములలో అది 20 నుండి 26 వారముల నడుమ మిక్కుటమగునట. అయిదవ మాసమున మనస్సు, ఆరవ మాసమున బుద్ధి మేల్కొనునని సుశ్రుత సంహిత చెప్పిన కాలమునకు ఇది ఇంచుమించు సరిపోవుచున్నది. సరిపోయినది కదా అని పొంగిపోనక్కరలేదు. తెరపై కనబడునది ఆకారమే, బుద్ధి కాదు. ఆరవ ఏడవ మాసములలో శిశువు బయటి ధ్వనులకు కదలుట మాత్రము నిజము. ఉదయము మంగళవాద్యము మొదలుకాగానే కడుపులో కదలిక హెచ్చునని చెప్పు తల్లుల మాటను మేము కాదనము.